పోశం బావ చూడని లంక

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. ఒక్క మాట. బాయిలో, అంటే గనిలో, బొగ్గు మోసిన వీపు ఇది, బరువులు దీనికి కొత్త కాదు. అయితే షిఫ్టు అయిపోతే బొగ్గును అక్కడే వదిలేసి పైకి వచ్చేవాళ్ళం. దీన్ని ఎక్కడ దించాలో తెలియలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

తెలంగాణ ఇంకా రాని రోజులవి. గోదావరిఖని దగ్గర కంపెనీ కాలనీలో మా క్వార్టరు, పోశం ఉండే క్వార్టరు పక్కపక్కనే. పోశం మా బాయిలోనే ఫిట్టరు. నా భార్య అతన్ని అన్నా అని పిలిచేది కాబట్టి నాకు బావ అయ్యాడు. నాకు తోడబుట్టినవాళ్ళు ఉన్నారు. కానీ కష్టమొచ్చినా సుఖమొచ్చినా నా కాళ్ళు ముందు వెళ్ళేది పోశం గడపకే.

ఒక ఆదివారం పేపర్లో శ్రీలంక బొమ్మ పడింది. తేయాకు కొండల మధ్య మెలికలు తిరిగే దారి, ఆ దారిలో ఒకడు సైకిల్ తొక్కుతూ పోతున్నాడు. పోశం దాన్ని కత్తిరించి గోడకు అంటించాడు. "బతుకంత భూమిలకే దిగవడితిమి బావా, ఒక్కసారన్న పైకి ఎక్కాలె," అన్నాడు. ముందు నవ్వాను. తర్వాత నాకూ పిచ్చి పట్టింది. పోశం పిల్లవాడి అట్లాసు ముందేసుకుని కొలంబో నుంచి క్యాండీకి, అక్కడి నుంచి కొండలెక్కి సముద్రానికి పెన్సిల్‌తో గీతలు గీసేవాళ్ళం. ఏ ఊళ్ళో పడుకోవాలి, పంక్చరైతే ఎట్లా, విమానంలో వేయడానికి పెడళ్ళు విప్పి సైకిళ్ళను అట్టపెట్టెల్లో ఎట్లా కట్టాలి, అన్నీ మాట్లాడుకున్నాం. అక్కడ నీళ్ళను వతుర అంటారని పోశం ఎవరినో అడిగి తెలుసుకున్నాడు. ఇక ఇంట్లో మంచినీళ్ళు అడిగినా వతుర అనే అడిగేవాడు. నా భార్య నవ్వేది. "హనుమంతుడు ఎగిరిపోయిండు, మీరిద్దరు తొక్కుకుంట పోతరా?" అనేది.

మా దగ్గర కొండలు లేవు. ఓపెన్‌కాస్టు గనిలోంచి తవ్విపోసిన మట్టిగుట్టలున్నాయి. కమాన్‌పూర్ వైపు ఉన్న పాత గుట్ట మీదికి లారీలు వేసిన బాట ఉండేది. సెలవు దొరికినప్పుడల్లా ఆ బాట మీద ఎక్కడం నేర్చుకున్నాం. అక్కడే నాకు ఊపిరి అందడం మానేసింది. కొన్నాళ్ళు దాచాను. చివరికి దవాఖానలో డాక్టరు, నడవడమే ఎక్కువ, సైకిల్ మాట మరిచిపో అన్నాడు.

పోశంతో చెప్పాను. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాసేపు నా భుజం మీద చెయ్యేసి కూర్చున్నాడు. తర్వాత, "ఏం ఫికర్ చెయ్యకు. నేను పోయొచ్చి నీకు అంత చెప్త," అన్నాడు.

ప్రేమతోనే అన్నాడు. నాకు తెలుసు. అయినా ఆ మాట నా లోపల ముల్లులా దిగింది. నేను లేకుండా పోతాడా? పోగలడా?

ఇక్కడ మా కాలనీ అలవాటు ఒకటి చెప్పాలి. క్వార్టరు ఒకరి పేరు మీద ఉంటుంది, అందులో కాపురముండేది ఇంకొకరు. కంపెనీ రూలు దానికి ఒప్పుకోదు. పోశం ఉన్నది అతని మేనమామ క్వార్టరు. కాబట్టి తెలియని మనిషి ఎవరైనా వచ్చి ఫలానా ఆయన ఉన్నాడా అని అడిగితే, క్వార్టర్ల తనిఖీకి వచ్చాడేమో అనుకుని, చిన్నపిల్లలు కూడా అట్లాంటివాళ్ళు ఎవ్వరూ లేరనే చెప్తారు. అది అబద్ధమని ఎవరికీ అనిపించదు. పక్కింటివాడిని కాపాడటం, అంతే.

పోశం పాస్‌పోర్టుకు పెట్టుకున్నాడు. కొన్నాళ్ళకు ఒక రోజు అతను డ్యూటీలో ఉన్నాడు, భార్య నాట్లకని తల్లిగారింటికి పోయింది, ఇంటికి తాళం. ఒంట్లో బాగాలేక నేను మా గడపలో కూర్చున్నాను. మామూలు బట్టల్లో ఒకాయన బండి ఆపాడు.

"పోశం అనేటాయన ఈడనే ఉంటడా?"

"మీరెవ్వలు సారు?"

"ఠాణా నుంచి వచ్చిన. పాస్‌పోర్టు ఎంక్వైరీ."

చాలా స్పష్టంగా చెప్పాడు. చాలా స్పష్టంగా విన్నాను.

"ఆ పేరుగల్లోళ్ళు ఈడ ఎవ్వలు లేరు సారు."

"మరి ఈ తాళమేసిన ఇల్లు?"

పోశం మేనమామ పేరు చెప్పాను.

"నీకు మంచిగ ఎరుకేనా?"

"ఏండ్ల సంది ఈడనే ఉంటున్న సారు. నాకు ఎరుకలేనోళ్ళు ఉంటరా?"

ఆయన రాసుకున్నాడు. మంచినీళ్ళడిగి తాగి వెళ్ళిపోయాడు. ఆయన మలుపు తిరిగేదాకా నాకు సమయం ఉంది. పిలవొచ్చు. పిలవలేదు.

ఆ చిరునామాలో లేడని రాసేశారు, పాస్‌పోర్టు రాలేదు. మళ్ళీ పెట్టుకుంటే ఆ ఇంట్లో ఎట్లా ఉంటున్నావని గుచ్చి అడుగుతారు, మామ క్వార్టరు సంగతి బయటపడుతుంది, మామకు ఇంకా సర్వీసుంది. పోశం వదిలేశాడు. ఎవరు చెప్పారని కూడా గట్టిగా అడగలేదు. "మనోళ్ళ అలవాటే మనకు అడ్డం వడ్డది," అని నవ్వాడు. మా క్వార్టర్ల వరసలో వాళ్ళంతా మేమైనా అదే చెప్పేవాళ్ళమని నొచ్చుకున్నారు. నేను తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. అందరి అమాయకపు అబద్ధాల వెనక నా అబద్ధం దాక్కుంది.

పాస్‌పోర్టు రాదని తెలిసిన సాయంత్రం పోశం నా పక్కన కూర్చుని, "నిన్ను ఇడిసిపెట్టి పోతనంటే దేవునికి నచ్చలే బావా," అన్నాడు. నేను తలూపాను. ఆ తలూపడం ఉందే, అది అబద్ధం కంటే పెద్ద తప్పు.

ఎందుకు చేశాను? పరాయి దేశంలో అతనికేమైనా అవుతుందని భయపడ్డానని నాకు నేనే చాలాకాలం చెప్పుకున్నాను. మంచి కారణం. నిజం కాదు. అతనికి ఏమీ కాకూడదనే ఉండేది. నేను లేకుండా ఆ కొండల మీద అతను సంతోషంగా ఉంటాడే, అది ఓర్వలేకపోయాను. ప్రేమ అంటే అదేనా? అదీ ప్రేమేనని ఇప్పుడు చెప్పుకునే ధైర్యం నాకు లేదు.

రాష్ట్రం వచ్చింది. ఇద్దరం రిటైరయ్యాం, క్వార్టర్లు వదిలి మళ్ళీ పక్కపక్కనే ఇళ్ళు చూసుకున్నాం. షుగరు వల్ల పోశం చూపు మందగించింది, సైకిల్ కొడుకు తీసుకెళ్ళాడు. అయినా సాయంత్రమయితే గోడ పట్టుకుంటూ మా ఇంటికి వస్తాడు. మొన్న చెప్పేద్దామనుకున్నాను. "బావా, ఆ పాస్‌పోర్టు..." అనగానే ఆయాసం ముంచుకొచ్చింది. పోశం లేచి తడుముకుంటూ నా వెనకకు వచ్చి వీపు రాశాడు. "మాట్లాడకు. జర కూసో. ఎప్పటి ముచ్చటో, ఇప్పుడెందుకు?" అన్నాడు.

ఆయాసం తగ్గింది. మాట్లాడగలిగే ఊపిరి వచ్చింది. అతని చెయ్యి ఇంకా నా వీపు మీదే ఉంది. ఆ చెయ్యి తీసేస్తాడేమోనని నోరు తెరవలేదు.

అతన్ని ఆపింది దేవుడు కాదు. మా కాలనీ అలవాటు కూడా కాదు. నేను.