పెట్టావు పెద్దమ్మా

పెనుగొండలో ఉండే మా పెద్దమ్మ ఎవరినీ ఉత్త చేతులతో పంపదు. గుమ్మం దాటే ముందు బొట్టు పెట్టి, జాకెట్టు ముక్కలో డబ్బు మడిచి చేతిలో పెడుతుంది. మనం వద్దనాలి, ఆవిడ కసరాలి, మనం తీసుకోవాలి. అదీ మర్యాద.

ఈ మధ్య ఆవిడకు మతిమరుపు మొదలైంది. మొన్న బొట్టు పెట్టింది, జాకెట్టు ముక్కా ఇచ్చింది. బస్సెక్కి విప్పి చూస్తే అందులో డబ్బు లేదు. పోనీలే అనుకున్నాను. పెద్దవాళ్లు మరిచిపోతే గుర్తు చేయకూడదట. అదీ మర్యాదే, ఈ మర్యాదలు ఎవరు కనిపెట్టారో కానీ!

మర్నాడు స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది.

"జాకెట్టు ముక్కలో డబ్బులు పెట్టానా లేదా? మీ వదినేమో పెట్టలేదంటోంది."

వదిన ఆవిడ కోడలు. రోజంతా ఆవిడ వెనకాలే తిరిగి చూసుకునే మనిషి. నేను ఒక్క క్షణం ఆగి ఉండాల్సింది.

"అయ్యో, పెట్టావు పెద్దమ్మా! చీర కొనుక్కుంటాను" అన్నాను.

"విన్నావా? నాకు మతి పోయిందన్నావు! నోరు తెరిస్తే అబద్ధాలే!" పెద్దమ్మ కోడలి మీద విరుచుకుపడింది. ఫోన్ కట్టయింది.

కాసేపటికి వదిన తన ఫోన్ నుంచి చేసింది. గొంతు బాగా తగ్గించింది.

"ఆ డబ్బు ఆవిడ దిండు గలీబులోనే ఉందమ్మా. నేను తీస్తే దొంగనవుతాను. చీర కొనుక్కుంటానన్నావుగా, నువ్వే వచ్చి తియ్యి."