కోట మీంచి పడే ఉద్యోగం

ఏం చేస్తుంటారని అడిగినవాళ్ళకి ఆవిడ ఉన్నదున్నట్టే చెబుతుంది. "కోట మీంచి పడుతుంటానండీ." విన్నవాళ్ళు "రోజూనా?" అంటారు. "ఆదివారం సెలవు," అంటుంది.

అందులో అబద్ధమేమీ లేదు. 'కోటదొంగ' అని ఓ వీడియో గేముంది. ముసుగేసుకున్న కుర్రాడొకడు కోటగోడలెక్కుతాడు, ఓ కప్పు మీంచి ఇంకో కప్పు మీదికి దూకుతాడు, కత్తి తిప్పుతాడు, ఆడేవాళ్ళ చెయ్యి కాస్త తడబడిందా, అగడ్తలో పడి చస్తాడు. చచ్చినవాడు ఊరుకుంటాడా, మళ్ళీ లేచి మళ్ళీ ఎక్కుతాడు. వాడికి మాటల్లేవు. ఎగిరినప్పుడు ఓ ఊపిరి, దెబ్బ తగిలినప్పుడు ఓ మూలుగు, పడ్డప్పుడు ఓ పొడుగాటి అరుపు, అంతే. మొదటి భాగం నుంచీ ఆ ఊపిరీ, ఆ మూలుగూ, ఆ అరుపూ ఈవిడవే. స్టూడియోలో అందరూ అరుపులక్క అంటారు. మీరు ఆ ఆట ఆడి ఉంటే ఆవిణ్ణి చాలాసార్లు చంపే ఉంటారు. ఆవిడేం అనుకోదు లెండి.

అంతకుముందు లిఫ్టుల్లో మాట్లాడేది. "తలుపులు మూసుకుంటున్నాయి" అనే గొంతు ఆవిడదే. ఓ లిఫ్టు చెడిపోయి అదే మాట ఆపకుండా వాగుతుంటే బాగు చెయ్యడానికొచ్చిన మెకానిక్కు, ఈ గొంతెవరిదని ఆరా తీసి మరీ పెళ్ళి చేసుకున్నాడు. ఇప్పటికీ ఇంట్లో తలుపేసేటప్పుడల్లా ఆయన ఆ మాట అంటాడు. ఆవిడ నవ్వడం ఎప్పుడో మానేసింది, ఆయన అనడం మానలేదు.

అరుపుల పనిలో చేరిన మొదటి రోజు మాత్రం నానా అవస్థా పడింది. గాజుగది అవతల కూర్చునే రికార్డింగాయన్ని అందరూ సౌండు బాబాయంటారు. ఆయన చెయ్యి ఊపాడు, ఈవిడ "అమ్మా" అని పడింది. పనికి రాదన్నాడు. మళ్ళీ పడమంటే "అబ్బా" అంది. ఇంకోసారి పడమంటే "అమ్మో" అంది. ఆ పూటంతా కోటదొంగ వరసపెట్టి చుట్టాలని పిలుస్తూనే చచ్చాడు.

చివరికి బాబాయి తలుపు తీసుకుని లోపలికొచ్చాడు. "నీ నొప్పికి భాష ఉందమ్మా. ఆ భాష తీసెయ్యాలి. ఈ ఆట అన్ని దేశాల్లోనూ ఆడతారు. మాటైతే ఎక్కడికక్కడ మార్చి చావాలి. అరుపైతే ఒకసారి చేస్తే అంతటా చెల్లుతుంది. అందుకే వాడికి మాటలు పెట్టలేదు."

మనవాళ్ళకి నొప్పెడితే ముందు పెదాలు కలుస్తాయి, అదీ చిక్కు. పెదాలు కలిస్తే 'మ' అయినా వస్తుంది, 'బ' అయినా వస్తుంది. ఆవిడ ఇంటికొచ్చి పళ్ళ మధ్య చెంచా అడ్డంగా పెట్టుకుని, పెదాలు కలవకుండా నెలల తరబడి అరిచింది. కింద వాటా ఆవిడ మొదట్లో పోలీసులని పిలిచింది. తర్వాత తర్వాత ఎంత అలవాటు పడిపోయిందంటే, ఓ రెండ్రోజులు అరుపు వినపడకపోతే ఒంట్లో బాగాలేదా అని పైకొచ్చి అడిగేది. మొత్తానికి అమ్మ పోయింది, అబ్బ పోయాడు, ఒట్టి అరుపు మిగిలింది. బాబాయి చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, "ఇప్పుడు చచ్చావమ్మా," అన్నాడు. అంతకంటే పెద్ద మెప్పు ఆయన దగ్గర లేదు.

ఆట పెద్దదైంది, పిల్లల్ని పెట్టింది. ఫోన్లో ఆడుకునే చిన్నాటలో కోటదొంగ చేపలు పడతాడు. చేప జారిపోయినప్పటి ఉసూరు ఈవిడదే. బళ్ళ పందెం ఆటలో వాడు బండితో సహా బోల్తా కొడతాడు, అదీ ఈవిడే. బల్ల మీద పాచికలతో ఆడేదొకటి తెచ్చారు గానీ అందులో గొంతుకి పని లేదు, ఆ ఏడాది ఈవిడ కాస్త దిగులుపడింది. బొమ్మల పుస్తకంలో వాడి అరుపుని అక్షరాల్లో అచ్చేశారు. చదివి, "ఇలా నేనెప్పుడూ అరవలేదు," అంది. సినిమా కూడా తీశారు. అందులో హీరో తన అరుపు తనే అరుచుకుంటానని పట్టుబట్టాడట. నడుం పట్టేసిన మనిషి కుర్చీలోంచి లేచినట్టుంది ఆ అరుపు. సినిమా ఆడలేదు. ఆడదని అరుపులక్క వాళ్ళమ్మ మొదటి ఆటకి వెళ్ళొచ్చినప్పుడే చెప్పింది.

వాళ్ళమ్మ సంగతి చెప్పాలి. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరై కూతురింట్లోనే ఉంటోంది. చెవిలో తీగలు పెట్టుకుని ఇటువాళ్ళని అటు కలిపే ఉద్యోగం. అవతలివాళ్ళు హలో అనకముందే, పీల్చిన ఊపిరిని బట్టి ఎవరో చెప్పేసేదట. ఆ చెవి ఇప్పటికీ అలాగే ఉంది. పక్కింట్లో చారులో ఉప్పు ఎక్కువైందని మొగుడు సణిగితే ఇక్కడ ఈవిడ "పాపం" అంటుంది.

అంత చెవి ఉన్నావిడకి కూతురి మీద ఒక్కటే ఫిర్యాదు. కూతురికి నెప్పులొచ్చిన రోజున ఆవిడ ఆస్పత్రి వరండాలో కూర్చుంది. లోపల ఉన్నవాళ్ళంతా అమ్మా అమ్మా అని ఒకటే కేకలు. బయటున్న తల్లులు ఎవరి కేకకి వాళ్ళు లేచి నిలబడుతున్నారు. ఈవిడా చీర సవరించుకుని సిద్ధంగా ఉంది. లోపలి నుంచి ఓ అరుపొచ్చింది, పెద్దదీ పొడుగాటిదీ, చివర్లో అగడ్తలో నీళ్ళ మీద పడ్డట్టు టప్పుమని ఆగింది. అందులో అమ్మ లేదు. పక్కావిడ "మీ అమ్మాయేనా?" అనడిగితే ఈవిడ "కాదండీ" అనేసింది. ఆ పుట్టిన మనవరాలు ఇప్పుడు ఇంకో ఊళ్ళో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఈవిడ మాత్రం ఆ వరండాలోంచి ఇంకా ఇంటికి రాలేదు. "ఊళ్ళో ఆడపిల్లలందరూ తల్లిని తలుచుకున్నారు, మాది మాత్రం కోట మీంచి పడింది," అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. అరుపులక్క చిన్నబుచ్చుకునేది, కానీ ఏం చేస్తుంది? అది ఆవిడ కావాలని దాచింది కాదు, అసలు రాలేదు.

ఇలా ఉండగా కంపెనీవాళ్ళు కోటదొంగ మీద కార్టూన్ సీరియల్ తీస్తామన్నారు. సీరియల్‌కీ, రాబోయే కొత్త భాగానికీ ఒకటే గొంతు ఉండాలట, దానికోసం కొత్తగా అందరికీ పరీక్ష పెడతారట. రేడియోలో పనిచేసే ఓ అమ్మాయి కూడా వస్తోందట. ఈ కబురు బాబాయి నెమ్మదిగా, దెబ్బ తగలకుండా చెప్పాడు. అరుపులక్క ఇంటికొచ్చి సంచీ కూడా దించకుండా మొగుడితో అంది, "వాణ్ణి ఇన్నేళ్ళు నేను పెంచానండీ. వాడు నా గొంతుతోనే పడాలి. ఇంకోళ్ళ గొంతుతో పడితే నేను చూడలేను." ఆయన తలుపేస్తున్నాడు. ఆ పూట మాత్రం ఏమీ అనకుండా వేశాడు.

ఆ మర్నాటి నుంచీ సాధన. సరిగ్గా అప్పుడే స్నానాలగదిలో సబ్బునీళ్ళ మీద కాలేసి జారి, నిజంగా పడింది. పడుతూ అరిచింది. ఇన్నేళ్ళ అలవాటు ఊరికే పోతుందా, చక్కటి అరుపొచ్చింది, పెదాలు కలవని అరుపు. హాల్లోంచి మొగుడు, "ఇది బాగుంది, ఇందాకటిదే కాస్త తేలిపోయింది," అన్నాడు. మిక్సీ విప్పుకుని కూర్చున్నాడు మహానుభావుడు. ఆవిడ మళ్ళీ అరిచింది. "చివర్న ఇంకొంచెం సాగదియ్యి," అన్నాడు. కింద వాటా ఆవిడ టీవీ సౌండు పెంచుకుంది.

అరుపులక్క నేల మీద పడుండి కాలు వంక చూసుకుంది. మడమ పైన ఎముక ఉండాల్సినట్టు లేదు. అప్పుడు భయం వేసింది. నొప్పి కంటే ఎక్కువ భయం వేసింది. నోట్లోంచి ఓ మాటొచ్చింది, పెద్దగా కూడా కాదు. "అమ్మా" అంది.

వంటింట్లో గిన్నె కింద పడ్డ చప్పుడైంది. మోకాళ్ళ నొప్పులని మూలుగుతూ నడిచే ముసలావిడ, అల్లుణ్ణి దాటుకుని, మిక్సీని తన్నుకుని, వచ్చి తలుపు తోసింది.

ఎముక విరిగిందన్నారు. డాక్టరు సరిచేసి కట్టు కడుతున్నంతసేపూ అరుపులక్క అమ్మనే పిలిచింది. పక్కన తల్లి చెయ్యి పట్టుకుని నుంచుని, "ఆఁ, ఇక్కడే ఉన్నాను, ఆఁ," అంటూనే ఉంది. కాలు విరిగిన ఇల్లు కదా, అందరి మొహాలూ వాడిపోయాయి. ఆవిడ మొహం ఒక్కటే కళకళలాడుతోంది. నర్సుతో, "మా అమ్మాయేనండీ," అంది. నర్సు అడగలేదు.

అసలు గొడవ ఇంటికొచ్చాక తెలిసింది. కాలు దిండు మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అరుపులక్క కోట మీంచి పడింది. "అమ్మా" అని వచ్చింది. పక్కగదిలోంచి "ఏంటే?" అని వినపడింది. మళ్ళీ పడింది, మళ్ళీ అమ్మా. "వస్తున్నానుండు." పోయిన అమ్మ తిరిగొచ్చి గొంతులో బైఠాయించింది. చెంచా పెట్టుకుంది, ఊపిరి బిగబట్టింది, ఎంత చేసినా ఎక్కడో ఆ ముక్క తగులుతున్నట్టే ఉంది. తన అరుపు తనకి తెలీదు కాబట్టి తల్లిని కూర్చోబెట్టి అడిగింది.

"ఇందులో అమ్మ ఉందా?"

"లేదు. శుభ్రంగా ఉంది."

"నిజంగా?"

"నా చెవి మీద అనుమానమా?"

అరుపులక్క సంబరపడి, ఆ అరుపుని ఫోన్లో రికార్డు చేసి బాబాయికి పంపింది. బాబాయి వెంటనే ఫోన్ చేశాడు. "అమ్మా, ఇందులో మీ అమ్మగారు నిలువునా ఉన్నారు. ఇలా వస్తే ఆ రేడియో పిల్లనే తీసుకుంటారు. నేను అడ్డుపడి కూడా లాభం లేదు."

ఫోన్ పెట్టేసి తల్లి వంక చూసింది. తల్లి బట్టలు మడతపెడుతోంది. మడతపెట్టినదాన్నే మళ్ళీ విప్పి మడతపెడుతోంది.

"నీకు వినపడలేదా అమ్మా?"

"వినపడింది."

"మరి లేదన్నావేం?"

"బాగుంది కదా అని ఊరుకున్నాను. ఇన్నేళ్ళకి వచ్చింది. నువ్వు తీసెయ్యాలంటున్నావు. నేనెలా తీయిస్తానే?"

అరుపులక్కకి కోపం రావాల్సింది. ఏడుపొచ్చింది. "వాణ్ణి ఇంకోళ్ళకి ఇచ్చేస్తారమ్మా," అంది. అంతకు మించి చెప్పడానికి ఆవిడకి మాటలు చేతకావు. ఉద్యోగమే మాటల్లేని ఉద్యోగం.

ముసలావిడ మడత బట్టలు పక్కకి జరిపింది. కుర్చీ తెచ్చుకుని కూతురికి వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంది. ఎక్స్ఛేంజీలో అలాగే కూర్చునేదట, మనిషి కనపడితే చెవి సోమరిదవుతుందని. "పడు," అంది.

పడింది.

"ఉంది. నోట్లో కాదు, ముక్కులో ఉంది. మళ్ళీ పడు."

ఆ నెలంతా అదే పని. ముసలావిడ రాక్షసిలా చేయించింది. "ఇందులో పెదాలు కలవలేదు గానీ కలుద్దామనుకున్నాయి, అది వినపడుతోంది." "ఇది పోయింది గానీ చివర్న తొంగి చూసింది." మొదట్లో ఒక్కో అరుపుకీ ఆవిడ వీపు చిన్నగా కదిలేది, లేవబోయి ఆగినట్టు. అల్లుడు అది చూసి, చూడనట్టు లిఫ్టులు బాగు చెయ్యడానికి వెళ్ళిపోయేవాడు. కట్టు విప్పే రోజులు దగ్గరపడ్డాయి. అరుపులక్క ఓ సాయంత్రం పడింది, కోటంత ఎత్తు నుంచి, బురుజులన్నీ దాటుకుని అగడ్త దాకా. ముసలావిడ వీపు కదల్లేదు.

"పోయింది," అంది గోడతో. తర్వాత లేచి కుర్చీ తీసుకెళ్ళి యథాస్థానంలో పెట్టింది. కూతురు ఏదో అనబోతే, "స్టవ్ మీద పాలున్నాయి," అని వెళ్ళిపోయింది. పాలు మధ్యాహ్నమే కాచేశారు.

పరీక్ష రోజున అరుపులక్క చేతికర్రతో వెళ్ళింది. రేడియో అమ్మాయి లేచి కుర్చీ ఇచ్చి, "ఆంటీ, మీ అరుపు విని పెరిగాను," అంది. మంచి పిల్ల. మంచి పిల్ల అయినందుకు అరుపులక్కకి ఇంకా ఒళ్ళు మండింది. ముందు ఆ పిల్ల పడింది, బాగానే పడింది. తర్వాత ఈవిడ కర్ర పక్కన పెట్టి, మైకు ముందు ఒంటికాలి మీద బరువేసి నుంచుంది. సౌండు బాబాయి చెయ్యి ఊపాడు. గదిలో ఉన్న కంపెనీవాళ్ళు నాలుగు భాషలవాళ్ళు. అరుపు ఆగాక నలుగురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. డైరెక్టరమ్మ ముందున్న కాగితాలు సర్దుకుంటూ, "వాడు వీడేనండీ. ఇంక వెతకడం దేనికి?" అంది. బాబాయి గాజు అవతల చెవులకున్నవి తీసి బల్ల మీద పెట్టాడు.

అరుపులక్క వరండాలోకొచ్చి ఇంటికి ఫోన్ చేసింది. ఒక్క మోతకే తీశారు.

"అమ్మా, నన్నే తీసుకున్నారు."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"సరిగ్గా వినపడలేదు. మళ్ళీ చెప్పు."

"నన్నే తీసుకున్నారు. సీరియల్ కూడా నాదే."

"అది వినపడింది. దానికి ముందుది."

అరుపులక్క చేతికర్ర గోడకి ఆనించి, ఆ ముందుది చెప్పింది. చెప్పి, అవతలివాళ్ళు చాలన్నదాకా చెబుతూనే ఉంది.