ఎండుచేప మేసిన కోళ్లు

ఈ మాట కడుపులో పెట్టుకుని ఏళ్లుగా తిరుగుతున్నాను. తిన్న అన్నం అరిగింది గానీ ఇది అరగలేదు. పేరు అడగకండి. మాది కోట అనే ఊరి దగ్గర, అంతవరకు చాలు.

అప్పట్లో ఇంటి వెనక షెడ్డులో కోళ్లు పెంచేవాణ్ణి. మొక్కజొన్న, సోయాచెక్క ఎంత పెట్టినా ఎదిగే కోడిపిల్లకు ఒక పోషకం చాలదట. దాని పేరు మెథియోనిన్. ఆ పొడి కలపకపోతే ఈకలు సరిగా రావు, కండ పట్టదు. ఆ ఏడు క్రిస్మస్ విందుకు మా చర్చివాళ్లు కోళ్లన్నీ నాకే చెప్పారు. సరిగ్గా అప్పుడే కొట్లో పొడి అయిపోయింది.

పశువుల డాక్టరు గారిని అడిగితే, ఎండుచేపల పొడి కలపమన్నారు, అందులోనూ అదే ఉంటుందట. కోసే ముందు రెండు వారాలు ఆపకపోతే మాత్రం కూర నీచుకొడుతుందన్నారు. వాకాడు నుంచి ఎండుచేపలు తెచ్చి దంచి పెట్టాను. కోళ్లు చూస్తుండగానే బలిశాయి. ఆ బరువు చూశాక ఆపబుద్ధి కాలేదు. సముద్రం పక్కన పుట్టినవాళ్లకు నీచు ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. అది ఆశా, తెలివితక్కువతనమా? రెండూనేమో.

విందులో పాస్టరు గారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు.

"ఏం రత్నమన్నా, చేపల పులుసు కాచిన గుండిగలోనే బిరియానీ వండినావా?"

పంక్తంతా నవ్వింది. వంట చేసిన రత్నమన్న ముఖం మాడిపోయింది. నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"అబ్బయా, పొద్దున నేను చింతపండేసి గుండిగ తోమింది నువ్వు చూసినావు గదా. చెప్పు!"

"తోమినావులే అన్నా... నేను సరిగా చూళ్ళేదు."

తోముతుంటే నీళ్లు పోసింది నేనే. గురువునే ఎరగనని బొంకిన శిష్యుడికి కోడి కూసి బుద్ధి చెప్పిందని పాస్టరు గారు ఎన్నిసార్లు చెప్పారో! నాకు కూసేందుకు ఒక్క కోడీ మిగల్లేదు, అన్నీ విస్తళ్లలో ఉన్నాయి.

ఆ రోజు నుంచి అతను ఊరికి చేపల రత్నం. చాలామంది పెళ్లివంటలకు పిలవడం మానేశారు. ఇప్పటికీ పిలిచిన చోట పొయ్యి వెలిగించే ముందు గుండిగను అందరి ఎదుటా తోమి, నాకు కబురు పెడతాడు. "ఆ పొద్దు సరిగా చూళ్ళేదంటివే, ఇప్పుడు చూడబ్బయా" అంటాడు. నేను గుండిగలో తల పెట్టి, వాసన పీల్చి, నలుగురికీ వినబడేలా "నీచు లేదన్నా" అంటాను. కోపంతో పిలిస్తే భరించేవాణ్ణి. నా మాట వినగానే చిన్నపిల్లాడిలా మురిసిపోతాడు. అప్పుడు నాకు చచ్చేంత సిగ్గేస్తుంది.

ఆ వాసన నా కోళ్లది, తప్పు నాది. ఇదిగో, మీతో అనేశాను, కాస్త ఊపిరి ఆడుతోంది. అతనితో అనగలనా? తెలియదు. వచ్చే ఆదివారం ఎవరిదో పెళ్లి. వాసన చూడ్డానికి పెందలాడే రమ్మన్నాడు.