చిన్నత్త పాట, నేను రాసిన అబద్ధం

మా చిన్నత్త పోయిందని బెంగళూరు నుంచి ఫోన్ వచ్చింది. ఏడుస్తుంటే పక్కింటావిడ వచ్చి పోయిందెవరని అడిగింది. "బెంగళూరులో పాటల టీచరుగా ఉండిన అత్త," అన్నాను. ఆమె పోయిన గంటకే మళ్లీ అదే అబద్ధం. అందుకే మీకు నిజం చెప్పాలని ఇది రాస్తున్నాను.

చిన్నత్త ఎన్నడూ టీచరు కాదు. ధర్మవరంలో బట్టల అంగడి నడిపిన మా తాతకు చిన్న కూతురు. టైపు ఉద్యోగానికని బెంగళూరు పోయి, అక్కడి హోటళ్లలో ముప్పై ఏళ్లు జాజ్ పాడింది. ఆ ఇంగ్లీషు పాటల్లో పాడేవాళ్లు రాగాన్ని అప్పటికప్పుడు తమకు తోచినట్టు మలుచుకుంటారు. తక్కినవాళ్లు గౌన్లలో పాడితే ఆమె ధర్మవరం పట్టుచీరలో పాడేది. పాడే రోజు పెరుగు ముట్టేది కాదు. హిందూపురంలో మా ఇంటికొస్తే కుక్కర్ కూతకు కూడా జవాబుగా కూనిరాగం తీసేది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నెలంతా పాటలు మానుకుని వచ్చి జావ కాచి పోసింది.

పాటను ఉన్నదున్నట్టు ఎందుకు పాడవని ఒకసారి అడిగాను.

"తాళం యాడ పడుతుందో అందరికీ తెలుసు గదమ్మే. మాట రవ్వంత ఆలస్యంగా పడల్ల. అప్పుడు వినేవాళ్లు ముందుకు వంగుతారు," అంది.

ఏ పనైనా ఒక వరుసలో చేయడం నా అలవాటు. కూతురి పెళ్లి మాటలప్పుడు మా బంధువుల పేర్లు, వాళ్లు చేసే పనులు కాగితం మీద రాసి పెనుకొండ వియ్యాలవారికి ఇచ్చాను. హోటల్లో పాడుతుందంటే సంబంధం చెడుతుందని భయం. అత్త పేరు ఎదుట "సంగీతం టీచరు" అని రాశాను. ఆమెకూ ఆ సంగతి చెప్పాను.

"రాసుకోలే అమ్మే. నా పేరన్నా సరిగా రాసినావా?" అని నవ్వింది.

మనవరాలిని తొట్టెలలో వేసిన రోజు ఆడవాళ్లు తలా ఒక జోల పాడారు. వియ్యపురాలు, "టీచరమ్మా, మీరూ ఒకటి పాడండి," అంది. అత్త మా అవ్వ పాడే జోలే ఎత్తుకుంది. రెండో చరణానికి అది ఎక్కడో ఆగి, ఎక్కడో దిగి, వేరే దారి పట్టింది.

"ఏం వదినా, పిల్లోల్లకు ఇట్లే నేర్పిస్తాండాదా ఈమె? తాళం తప్పిపోతాండాదే!" అని వియ్యపురాలు నవ్వింది.

గుట్టు బయటపడుతుందనిపించింది. "చాల్లే అత్తా, బిడ్డ నిద్రపోయింది," అన్నాను. బిడ్డ కళ్లు ఇంతింత చేసుకుని ఆమెనే చూస్తోంది.

అత్త పాటను మాట మధ్యలోనే ఆపేసింది. "సరేలేమ్మే. టీచరన్నాక చెప్పిన మాట వినల్ల గదా," అంది. ఆ తర్వాత మూడేళ్లలో మా ఇంట్లో ఆమె కూనిరాగం కూడా తీయలేదు.

దినాల రోజు మా ఇంటికి బెంగళూరు నుంచి ఇద్దరు పెద్దవాళ్లు వచ్చారు. అత్త పాటకు ఒకాయన పియానో, ఇంకొకాయన డ్రమ్ములు వాయించేవారట. "ఎవరు వదినా వీళ్లు?" అంది వియ్యపురాలు. ఈసారి చెప్పాను, కాగితంలో రాసింది అబద్ధమని కూడా.

"అయ్యో, ఇదా నువ్వు దాచింది? ముందే చెప్పింటే ఆ పొద్దు ఇంకోటి పాడించుకుంటాంటిమి గదా!" అంది ఆమె.

నేను లేచి విస్తళ్లు వేయడానికి పోయాను.

భోజనాలయ్యాక డ్రమ్ములాయన వసారాలో బల్ల మీద వేళ్లతో తాళం మొదలుపెట్టాడు. కొంత దూరం పోయి, చెయ్యి పైకెత్తి ఆగాడు.

"ఇక్కడ మేడమ్ అందుకుంటా ఉండె," అన్నాడు.

ఆ పాటలో ఒక్క మాటైనా మా ఇంట్లో ఎవరికీ రాదు. ఆయన మా మొహాలు చూసి, చెయ్యి దించి, మళ్లీ మొదటి నుంచి కొట్టడం మొదలుపెట్టాడు.