వాయిదాల వదిన లైసెన్సు

ఆ వీధిలో ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఆవిడ పలకదు. మరిది నోట "వదినా" అన్న పిలుపు విని కొనేవాళ్లంతా వదిన అన్నారు. కుట్టుమిషను, మిక్సీ, ఫ్రిజ్, ఏది కావాలన్నా నెలనెలా కట్టుకోమని ఇస్తుంది కాబట్టి ముందు 'వాయిదాల' వచ్చి చేరింది. దుకాణం రెండే గదులు. ముందు గదిలో సరుకు, వెనక గదిలో స్క్రూడ్రైవరుతో భర్త. పాడైన మోటార్లతో మాట్లాడినంత ఆయన మనుషులతో మాట్లాడడు. గల్లాపెట్టె వెనక, పెళ్లిఫొటో ఉండాల్సిన చోట, అప్పు మీద సరుకివ్వడానికి ఆవిడ తెచ్చుకున్న లైసెన్సు అద్దాల ఫ్రేములో ఉంటుంది. పెళ్లిఫొటో బీరువాలో ఉంది. దాని తనిఖీకి ఎవరూ రారు మరి.

ఆ లైసెన్సుకి మొదటిసారి దరఖాస్తు పెట్టినప్పుడు అందరూ నవ్వారు. మనుషుల మధ్య నమ్మకం ఉండగా కాగితాలెందుకన్నారు. నమ్మకం గురించి గొంతు పెంచేవాళ్లలో సగంమంది తీసుకున్నది తిరిగివ్వనివాళ్లు, మిగతా సగం ఇచ్చినదానికి రసీదు రాయనివాళ్లు. ఆవిడ వాదన పెట్టుకోలేదు. "నమ్మకం మీద ఇస్తే మీరు నన్నేమీ అడగలేరు. లైసెన్సు మీద ఇస్తే కొంగు పట్టుకుని అడగొచ్చు. అడిగించుకోవడమే నాకు నయం" అని ఊరుకుంది.

ఆఫీసువాళ్లు చెప్పులరిగేలా తిప్పారు. పెట్టుబడి ఎక్కడిదన్నారు. ఒప్పందంలో వడ్డీ ఎంతో పెద్ద అక్షరాల్లో రాయమన్నారు. ఫిర్యాదులు ఎవరు వింటారని అడిగిన గడిలో ఆవిడ తన పేరే రాసుకుంది.

"నా పేరు రాయొచ్చుగా వదినా?" అన్నాడు మరిది.

"నువ్వు వింటావయ్యా. విన్నది మర్చిపోతావు."

లైసెన్సు రావడం ఒక ఎత్తు, దాన్ని నిలుపుకోవడం ఒక ఎత్తు. ఏటా లెక్కలు పంపాలి, తనిఖీకి వచ్చినవాళ్లకి అడిగింది చూపాలి, గడువుకి ముందే రెన్యువల్ అడగాలి. ఆవిడ ఒక్కసారీ తప్పలేదు. అలాంటిది, ఈసారి రెన్యువల్‌కి పెట్టిన కొద్దిరోజులకే నోటీసు వచ్చింది. వీధి చివర ఇస్త్రీ బాబాయ్ ఫిర్యాదు చేశాడట. ఉతుకుడు కూడా మొదలెడదామని ఆవిడ దగ్గర వాషింగ్‌మిషను తీసుకున్న మనిషి. 'ఈ నెల ఆగమని వాళ్లే చెప్పి, ఆగినందుకు జరిమానా వేశారు' అని రాయించాడు. సరైన జవాబు రాకపోతే రెన్యువల్ ఆపుతామని నోటీసు సారాంశం. ఆపితే రొక్కానికే అమ్ముకోవాలి. ఆ వీధిలో రొక్కంతో ఫ్రిజ్ కొనే మనిషి ఇంకా పుట్టలేదు. దుకాణం మూతపడినట్టే.

"పచ్చి అబద్ధం! ఆగమని మనమెందుకు చెప్తాం?" అని మరిది గెంతాడు.

వదిన గెంతలేదు. చెప్పులేసుకుని బయల్దేరింది.

ఇస్త్రీ బాబాయ్ ఎడంచేత్తో పెట్టె తోస్తున్నాడు. కుడిచేతికి కట్టు.

"ఏం బాబాయ్, నామీద ఆఫీసుకెళ్లావట?"

"నువ్వే కదమ్మా సంతకం పెట్టిస్తూ చెప్పావు, తేడా వస్తే ఆఫీసుకెళ్లమని! వెళ్లాను. తప్పా?"

"తప్పని ఎవరన్నారు? ఆగమని ఎవరు చెప్పారో చెప్పు."

"చెయ్యి కాలింది తల్లీ, ఈ నెల కట్టలేనని మీ మరిదితో చెప్పి పంపాను. మర్నాడే మీ కొట్టు నుంచి ఫోన్లో జవాబొచ్చింది. ఇదిగో."

వదిన చదివింది. 'ఈ నెల మీ వాయిదా. ధన్యవాదాలు.'

"మా తమ్ముడి కేసు ఎప్పుడు చూసినా వాయిదాయే. కోర్టువాళ్లు ఏనాడైనా కట్టమన్నారా? నీ కొట్లో వాయిదాకి జరిమానా ఏంటమ్మా?" అన్నాడు బాబాయ్.

వదినకి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుంది. నెలనెలా కట్టాల్సింది గుర్తుచేయడానికి మరిది రాసిపెట్టిన మాట అది. అందరికీ ఒకేరోజు దానంతటదే వెళ్తుంది. పిసినారి కాబట్టి మాటలు కూడా పొదుపుగా వాడాడు. బాబాయ్ మొరని మాత్రం ఇంటికొచ్చేలోపే మర్చిపోయాడు.

సంగతి తెలిసి బాబాయ్ మెత్తబడ్డాడు. "పోనీలే తల్లీ, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాలే."

"వద్దు బాబాయ్. ఉండనీ."

ఇంట్లో మరిది నెత్తి కొట్టుకున్నాడు. "పోయే దయ్యాన్ని పిలిచి పీట వేస్తావేంటి వదినా?"

"దయ్యం ఒక్కటే అనుకుంటున్నావా? ఈ మెసేజీ ఇంకెంతమందికి వెళ్లింది?"

దీన్ని మంచితనమని పొగడక్కర్లేదు, ఆవిడకి తెలిసిన వ్యాపారం అంతే. కప్పిపెడితే వచ్చే నెల ఇంకొకరు ఆఫీసుకెళ్తారు. కట్టడం ఆలస్యం చేసినవాళ్లందరికీ తనే స్వయంగా ఫోను చేసింది. ఇన్నాళ్లూ మొండివాళ్లంటూ తను తిట్టుకున్నవాళ్లలో చాలామంది, దుకాణమే దయతలిచిందనుకుని నిశ్చింతగా కూర్చున్నవాళ్లు. ఒక టైలరమ్మ అయితే "మీ మంచిమనసు మా ఆయనకి రాదండీ" అని దీవించింది కూడా.

విచారణ రోజున లైసెన్సు ఆఫీసులో కళ్లద్దాల మేడమ్ వదిన తెచ్చిన కాగితాల సంచీ చూసి ఆశ్చర్యపోయింది.

"ఒక్క ఫిర్యాదుకి జవాబు అడిగితే సంచీడు తెచ్చారేంటమ్మా?"

"ఫిర్యాదు ఒక్కటే మేడమ్. తప్పు మాత్రం ఇంతమందికి చేశాం. జరిమానాలు వెనక్కిచ్చేస్తున్నాం. మెసేజీలో మాట కూడా మారుస్తున్నాం."

"ఇవన్నీ మీరు చెప్పకపోతే మాకు తెలిసేవి కావు. ఇప్పుడు తెలిశాక నేను రెన్యువల్ ఆపొచ్చు, తెలుసా?"

"తెలుసు మేడమ్. మీరు తవ్వితే బయటపడేదానికంటే నేను తెస్తే నయమనుకున్నాను."

మేడమ్ చాలాసేపు చదివింది. మరిది కుర్చీ అంచున గోళ్లు కొరుక్కుంటున్నాడు. చివరికి మేడమ్ కలం మూసి, "సరే. డబ్బు ముట్టినట్టు అందరి సంతకాలూ తీసుకురండి. అంతవరకూ మీ రెన్యువల్ వాయిదా" అంది.

వదిన లేవబోతూ ఆగింది. "ఏ వాయిదా మేడమ్? కట్టాలా, ఆగాలా?"

మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వింది. "ఆగాలమ్మా! ఆగండి చాలు!"

సంతకాలు తేవడానికి మరిదినే ఇల్లిల్లూ తిప్పింది వదిన. చేసినవాడి కాళ్లే అరగాలి కదా. కొత్త లైసెన్సు వచ్చిన రోజున పాత ఫ్రేములోనే దాన్ని బిగించి, మేకు వంకరగా ఉందని భర్తని పిలిచింది. ఆయన మేకు సరిచేసి, "బాగుంది" అన్నాడు. ఆ నెలకి అదే ఆయన ఉపన్యాసం.

ఇప్పుడు మెసేజీలు రెండు. 'ఈ నెల డబ్బు కట్టాలి' అని ఒకటి. అడిగినవాళ్లకి వదిన ఒప్పుకున్నాకే వెళ్లే 'ఈ నెల కట్టనక్కర్లేదు' అని ఇంకొకటి. మొదటిది అందిన రోజే, కట్టు విప్పిన చేత్తో డబ్బు పట్టుకుని బాబాయ్ కొట్టుకొచ్చాడు.

"ఏం రాశావే తల్లీ! ఎన్నిసార్లు చదివినా ఒకటే అర్థం వస్తోంది. ఇక మేమెలా బతకాలి?"

"కట్టి బతకాలి బాబాయ్" అని వదిన రసీదు రాసిచ్చింది.