పసుపు గౌను

పసిపిల్లల మెదళ్ల మీద పుస్తకాలు రాసే ఆ శాస్త్రవేత్త ముక్కు మీద కళ్లద్దాలూ కోపమూ పక్కపక్కనే కాపురముంటాయి. ఆడపిల్లల బుర్ర వేరు, మగపిల్లల బుర్ర వేరు అని ఎవరైనా అంటే చాలు, ఇంతెత్తున లేస్తుంది. తేడా పిల్లల బుర్రల్లో కన్నా చూసేవాళ్ల కళ్లలోనే ఎక్కువని ఆవిడ వాదన. అందుకే ఆవిడ ప్రయోగశాలకొచ్చే పిల్లలందరికీ ఒకటే పసుపు గౌను, తలకు మెదడు పనితీరును కొలిచే ఒకటే వైర్ల టోపీ. ఆడో మగో ఊహించి నోరు జారిన సహాయకులు ఆ బుల్లి టోపీ పెట్టుకుని పిల్లల కుర్చీలో కూర్చోవాలి. తనకా గతి ఎన్నటికీ పట్టదని ఆవిడ ధీమా.

మొన్న ఒక పసికందు ఆవిడ కళ్లద్దాలు లాగి విసిరికొట్టింది. ఆ విసురుకు గోడ గడియారం కూడా ఓ క్షణం ఆగి చూసిందట! ఆవిడ మురిసిపోయింది.

"అబ్బో, ఏం బలంరా అబ్బాయ్! మగాడి దెబ్బంటే ఇదీ!"

"అమ్మాయండీ," అంది తల్లి మెల్లగా.

సహాయకురాలు నవ్వాపుకుంటూ బుల్లి కుర్చీ ముందుకు జరిపింది. "రండి మేడమ్."

ఆవిడ కొప్పు విప్పి, టోపీ తలకెక్కించి, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంది. మరుక్షణం ముఖం వెలిగిపోయింది.

"చూస్తారేం? మీట నొక్కండి! నేను రాసింది నిజమేనని ఇప్పుడేగా తేలింది!"