పళ్లెం మోతకు బెదరని కుక్కలు

డాగ్ షోలో మా ఆడకుక్కను రాజపాళయం జాతి కుక్క కాదని తోసేశారు. దాని ఎడమ చెవి మీదా వెన్ను మీదా గోధుమరంగు మచ్చలు ఉన్నాయట. కప్పు తీసుకెళ్లి ఒక చెవిటి కుక్కకు ఇచ్చారు.

ఇది పోయిన ఏడు మా ఊళ్లోనే, ఆ జాతికి పేరిచ్చిన తమిళనాడు రాజపాళయంలో, ఒక కల్యాణమండపం వెనక మైదానంలో, అందరి ఎదుటా జరిగింది. జడ్జి బయటి ఊరివాడు. మా కుక్క పళ్లు చూశాడు, కాళ్లు పట్టి చూశాడు, అటూ ఇటూ నడిపించమన్నాడు. అంతా బాగుందన్నట్టే తల ఆడించాడు. చివరికి చెవి మీది మచ్చ దగ్గర వేలు ఆగింది. "రంగు దోషం, జాతి లెక్కకు రాదు" అని చీటీ రాసి నా చేతిలో పెట్టాడు. రెండు నిమిషాలు పట్టలేదు.

మా వెనక మచ్చలేని తెల్ల మగకుక్క వచ్చి నిలబడింది. గులాబీ ముక్కు, తేనెరంగు కళ్లు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. అది మా ఊరి కుక్కల సంఘం సెక్రటరీది. సెక్రటరీ నా చెల్లెలి కొడుకు. సరిగ్గా అప్పుడే మైదానం మూలలో స్పీకరు పెట్టె ఒకటి స్టాండు మీదినుంచి దభీమని పడింది. ఉన్న కుక్కల్లో సగం గొలుసులు తెంచుకోబోయాయి. మాది నా కాళ్ల వెనక్కి దూరి, చెవులు నిక్కించి, ఆ మూలకే చూసింది. తెల్లకుక్క మాత్రం తల కూడా తిప్పలేదు.

"అబ్బ, ఏం ధైర్యం!" అని జడ్జి చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు కూడా దానికి వినబడలేదు.

నేను ఊరుకోలేకపోయాను. "ఒరే అల్లుడా, అది ధైర్యం కాదురా, చెవుడు!" అని మైదానం నడుమ అరిచాను.

"మామా, కొంచెం మెల్లగా. అందరూ చూస్తా ఉండారు."

"చూడనీ! కుక్కకు వినపడదు గాని మనుషులకు వినపడుతుంది కదా!"

ఆ మైదానంలో నేను తప్ప ఎవరూ అది తప్పనుకోలేదు. అందుకు కారణం నాకు తెలుసు. ఆ తప్పును నా చేతులతో నేనే చాలా ఏళ్లు చేశాను.

మా నాయన ఇంట్లో ఎప్పుడూ మూడు నాలుగు కుక్కలు ఉండేవి. ఈత ఈనిన రోజే పిల్లల్ని ఏరేవారు. తెల్లవి తల్లి దగ్గర ఉండేవి. మచ్చలవి గంపలోకి వెళ్లేవి. గంప ఎత్తుకుని ఊరి బయటి కాలువకు వెళ్లడం నా పని. పెద్దకొడుకును కాబట్టి నాకు వచ్చింది. ఇది పాపమని ఎవరూ అనలేదు, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరేవాళ్లం. తర్వాత నెల, నెలన్నర దాటాక రెండో ఏరివేత. పిల్లలు పాలు తాగుతుండగా వెనకనుంచి కంచుపళ్లెం మీద గరిటెతో గట్టిగా కొట్టాలి. ఉలిక్కిపడినదాన్ని అడిగినవాళ్లకు ఇచ్చేసేవారు. కదలకుండా తాగుతూ ఉన్నదాన్ని మా నాయన చేతుల్లోకి ఎత్తుకునేవాడు.

"ఇదిరా కుక్క! పిడుగు పడినా జంకదు."

పళ్లెం కొట్టేది నేనే. కొట్టి కొట్టి, వినేవాటిని బయటికి పంపి, విననివాటిని ఇంట్లో పెట్టుకుని, వాటినే జత కట్టించాం. ఇంకా ఎన్ని ఇళ్లు ఇలా చేశాయో నాకు తెలియదు. మా ఇల్లు చేసింది. మా ఇంటి కుక్కలు ఊళ్లో చాలా ఇళ్లకు వెళ్లాయి.

ఒకసారి మాత్రం నాకు చేయి రాలేదు. ఆ ఈతప్పుడు నేను ఊళ్లో లేక ఏరివేత నెల ఆలస్యమయింది. గంపలో ఒకటే పిల్ల, గోధుమరంగుది. కాలువ గట్టున గంప దించి నా సైకిలు ఆనించబోతే బెల్లు మోగింది, పిల్ల ఆ వైపు ముఖం తిప్పింది. దాన్ని చొక్కాలో వేసుకుని, అదే సైకిలు తొక్కి సేత్తూరు అవతల కొండ అడుగున ఉన్న మా మామిడితోపుకు తీసుకెళ్లి కావలి ముసలాయనకు ఇచ్చాను. ఇంటికి వచ్చి మా నాయనతో, "అయిపోయింది" అన్నాను. ఆయనతో నేనాడిన అబద్ధాల్లో అదొక్కటే ఇప్పటికీ నన్ను సంతోషపెడుతుంది.

ఆ తోపుకు మా నాయన అప్పటికే ఏటా ఒక తెల్లకుక్కను కాపలాకు పంపేవాడు. అవి నిలిచేవి కావు. ఆ గోధుమరంగు పిల్ల పెరిగాక కావలి ముసలాయన తమిళంలో చెప్పిన మాట నా చెవిలో ఇంకా ఉంది: "మీ తెల్లవి రాజాలే సామీ, ఒప్పుకుంటాను. కాని అడవిపంది వెనకనుంచి వస్తే పొట్ట చీరిందాకా తెలియదు. ఈ ఎర్రదానికి ఆకు కదిలినా తెలుస్తుంది. ఇది పంది మీదికి ఉరకదు, పక్కకు తప్పుకుని మొరుగుతుంది. నాకు కావలసింది మొరిగేది కదా!"

తర్వాత నేను మిల్లులో చేరాను. తోపు సంగతి మర్చిపోయాను.

నేను చదివింది ఎనిమిదో క్లాసు. మిగతా చదువు నూలుమిల్లు షిఫ్టు దిగాక మునిసిపల్ లైబ్రరీలో, తమిళంలో చదువుకున్నదే. తెలుగు మాకు నోట్లో ఉంది గాని చేతిలో లేదు. యాభై దాటాక తిరుపతినుంచి ఒకటో తరగతి వాచకం తెప్పించుకుని ఈ అక్షరాలు దిద్దుకున్నాను. జీవులు ఎలా మారుతూ వచ్చాయో చెప్పే పుస్తకాలు దొరికినవన్నీ ఆ లైబ్రరీ కిటికీ పక్కన కూర్చుని చదివాను. సగం అర్థమయింది. మిగతా సగం తోపుకు వెళ్లాక అర్థమయింది.

మిల్లునుంచి దిగిపోయాక ఒక పొద్దున తోపుకు వెళ్లాను. కావలి ముసలాయన పోయాడు, ఆయన కొడుకు ఉన్నాడు. నా సైకిలు చైను కిర్రుమంటుంటే, ఇంకా గట్టు దాటకముందే, ఏడెనిమిది కుక్కలు ఒక్కసారిగా తలలు తిప్పాయి. అన్నీ సన్నటి నడుము, పొడుగు కాళ్లు. మా ఇంటి కుక్కలే. చాలావాటికి చెవుల మీద, వీపుల మీద మచ్చలు. రెండు మాత్రం పూర్తి తెలుపు. ఆ రెండూ కూడా తల తిప్పాయి!

నేను సైకిలు దిగి గట్టు మీదే కూర్చుండిపోయాను. ఎవరు ఏరారు వీటిని? పళ్లెం ఎవరూ కొట్టలేదు, గంప ఎవరూ ఎత్తలేదు. మేము పంపిన తెల్లవీ ఆ ఎర్రదీ కలిశాయి, పిల్లలు పుట్టాయి, అంతే.

ఇంటికి వచ్చి నోటుబుక్కులో రాసుకున్నాను: "అడవి పక్కన ఉండటంవల్ల, అవసరంకొద్దీ, వీటికి చెవులు వచ్చాయి." ఆ తప్పు రాతను దిద్దింది నా చెవే. నలభై ఏళ్లు నూలు వడికే రింగ్ ఫ్రేముల హోరులో నిలబడి నాకు వినికిడి సగం పోయింది. పక్కవాడితో చేతి సైగలతో మాట్లాడేవాళ్లం. కాని నా కూతురికి పక్కింట్లో చెంచా పడినా వినబడుతుంది. మిల్లు నా చెవిని పాడుచేసింది గాని, నా రక్తంలో ఏమీ రాయలేదు. బతుకులో పోగొట్టుకున్నది పిల్లలకు పోదు, బతుకులో కావాలనుకున్నది కూడా రాదు. పుట్టుకతో వచ్చినదే పిల్లలకు వెళుతుంది.

అప్పుడు తోపు చిక్కుముడి విడిపోయింది. ఒక ఈతలో పుట్టినవన్నీ ఒకలా ఉండవు. ఒకదానికి చెవి ఉంటుంది, ఒకదానికి ఉండదు. ఉన్నది పందిని ముందే పసిగట్టి తప్పుకుంటుంది, పిల్లల్ని కంటుంది, ఆ చెవి పిల్లలకు వెళుతుంది. లేనిది పిల్లల్ని కనకముందే పోతుంది. కొండకు ఏ కుక్క మీదా ప్రేమ లేదు, కోపం లేదు. దానికి తెలుపూ ఎరుపూ పట్టవు. అందుకే వినే తెల్లవి రెండూ బతికాయి. చర్మానికి రంగు ఇచ్చే కణాలే చెవి లోపల నత్తగుల్లలా ఉండే భాగంలోనూ కొన్ని ఉండాలట. అవి అక్కడికి చేరకపోతే పుట్టిన కొన్ని వారాలకే వినికిడి పోతుందట. మేము రంగును ఏరుతున్నాం అనుకుంటూ చెవిని కూడా తీసి పారేశాం. తోపులో కొన్నేళ్లలో కుదురుకున్నదాన్ని, మా ఇంట్లో శ్రద్ధగా, ప్రేమగా చెడగొట్టాం.

మా ఆడకుక్క ఆ తోపులో పుట్టినదే. డాగ్ షో అయిన వారానికి సంఘానికి మొదటి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. రెండోదానికి, "అందినది" అని ఒక్క మాట వచ్చింది.

ఈలోగా మా కుక్క ఈనింది. తండ్రి మంసాపురం రైతు ఒకాయన తెల్లకుక్క. పిల్లలు ఆరు. రెండు తెల్లవి, నాలుగు మచ్చలవి. ఆ రైతు వచ్చి వంగి చూశాడు.

"తెల్లవాట్లో ఒకటి నాది అన్నా. మచ్చలవి మీరే చూసుకోండి."

చూసుకోండి అంటే ఏమిటో మా వైపు చెప్పనక్కర్లేదు. గంప. నాకు డెబ్బై ఎనిమిది. నాకూ నా కూతురికీ ఉన్నవి రెండు గదులు. ఆరు కుక్కల్ని పెంచలేను. ఊళ్లో ఎవరిని అడిగినా ఒకటే ప్రశ్న: "సంఘం బుక్కులో దాని పేరుందా?" పేరు లేని కుక్క పిల్లల్ని ఎవరూ తీసుకోరు. ఆ నాలుగింటి ప్రాణం ఆ బుక్కులో ఒక గీత మీద వేలాడుతోంది.

పిల్లలకు ఆరు వారాలు దాటాక మా నాయన కంచుపళ్లెం అటకమీదినుంచి దింపాను. నా కూతురు గరిటె చేతికి ఇస్తూ నవ్వింది.

"నాయినా, నీకూ వినపడదు, కప్పు కొట్టిన కుక్కకూ వినపడదు. నీకెవురూ కప్పు ఇయ్యలేదే!"

"నువ్వు పిల్లల ముఖాలు చూడు. నేను కొడతాను."

కొట్టాను. మచ్చలవి నాలుగూ తిరిగాయి. తెల్లవాటిలో ఒకటి తిరిగింది, అది రైతుకు. రెండో తెల్లది పాలు తాగుతూనే ఉంది. ఆ పిల్లను ఎత్తుకుంటే మా నాయన చేతులు గుర్తుకు వచ్చాయి.

మర్నాడు ఆ పళ్లెం సంచిలో వేసుకుని మా మేనల్లుడి ఎరువుల అంగడికి వెళ్లాను. గల్లాపెట్టె వెనకనుంచి లేచి కుర్చీ వేశాడు, కాఫీ తెప్పించాడు. మర్యాదకు లోటు లేదు.

"మామా, తెలుపు లేకుంటే మన కుక్కకు పేరేమి? తోపులో ఏ వీధికుక్క కలిసిందో ఎవురు చూసినారు?"

"కలిసిందేమో, ప్రమాణం చేసి చెప్పలేను. కాని ఆ మచ్చ బయటినుంచి రాలేదురా. మా నాయన ఇంట్లో తెల్ల తల్లులకే ఈతకు ఒకటీ రెండూ మచ్చలవి పుట్టినాయి. ఎందుకు ఎవురికీ తెలియదంటావా? నేను గంపలో మోసుకుపోయినాను గనక."

వాడు కాఫీ గ్లాసు నా వైపు జరిపాడు. తర్వాత, "పెద్దోళ్లు ఏర్పాటు చేసిన జాతి మామా ఇది" అన్నాడు.

"ఆ పెద్దోళ్లలో నేను ఒకడిని. నేనే చెపుతా ఉండాను, తప్పు చేసినాము."

"సరి, సరి. కాఫీ ఆరిపోతా ఉంది."

పళ్లెం, గరిటె వాడి బల్ల మీద పెట్టాను. "నీ ఇంట్లో కప్పు కొట్టిన వీరుడు ఉండాడు కదా, వాడి వెనక నిలబడి ఒక్కసారి కొట్టు. తిరిగితే నేను ఇంక ఉత్తరం రాయను" అన్నాను. వాడు నవ్వేశాడు. అంగట్లో పనివాళ్లూ నవ్వారు. నేను బస్సు ఎక్కి వచ్చేశాను.

ఆ రాత్రి కాదు, రెండు రోజులు కోపం తగ్గాక, మూడో ఉత్తరం రాశాను. అందులో ఎవరినీ తిట్టలేదు. పళ్లెం కథ, గంప కథ, తోపు కథ రాశాను. నా ఇంట్లో పుట్టినవాటిలో కూడా ఒకటి వినదని రాశాను. దాన్ని చంపమనటం లేదు, అది నా దగ్గరే ఉంటుంది, దాన్ని జత మాత్రం కట్టించను అని రాశాను. కొండకు బుద్ధి లేకుండా జరిగిన మంచిని, బుద్ధి ఉన్న మనం తలచుకుంటే ఇంకా తొందరగా చేయగలం, పంది పొట్ట చీరేదాకా ఆగనక్కర్లేదు అని రాశాను. ఆ మాట రాస్తున్నప్పుడు నాకే ధైర్యం వచ్చింది. ఏరటం మన చేతిలో ఉంది కాబట్టే చెడింది. మన చేతిలో ఉంది కాబట్టే బాగుపడుతుంది.

మూడు వారాలు గడిచాయి. చెవిటి పిల్ల నా కాళ్ల దగ్గరే పడుకోవడం అలవాటు చేసుకుంది. మిల్లులో మేం వాడిన చేతి సైగలే దానికి నేర్పుతున్నాను. రా అంటే వస్తుంది, ఆగు అంటే ఆగుతుంది. మచ్చలవి నాలుగూ వాకిట్లో ప్రతి స్కూటరుకూ చెవులు తిప్పుతూ పెరుగుతున్నాయి. పొద్దున్నే వాకిలి తీసి నా కూతురు ఆ నాలుగింటినీ లెక్కపెట్టేది. ఆ లెక్కే నాకు కష్టంగా ఉండేది.

నిన్న పోస్టులో జవాబు వచ్చింది. సంఘం కాగితమే, కింద సీలు ఉంది. కాని మా మేనల్లుడు మేం ఇళ్లలో మాట్లాడే తెలుగును తమిళ అక్షరాల్లో రాశాడు. దాన్ని ఈ అక్షరాల్లోకి మార్చి, ఒక్క మాట కూడా తీయకుండా ఇక్కడ పెడుతున్నాను.

"మామా, మీ ఉత్తరాలు మూడూ కమిటీలో చదివినాను. మూడోది చదివేటప్పుడు ఎవురూ నవ్వలేదు. మీరు పెట్టిపోయిన పళ్లెం ఇంటికి తీసుకుపోయినాను. కప్పు కొట్టినదాని వెనక నిలబడి కొట్టినాను. తిరగలేదు. దాని పిల్లలు అయిదు ఉండాయి, మూడు తిరగలేదు. నా కూతురు 'ఇది ధైర్యమా నాయినా?' అని అడిగింది. రంగు సంగతి పూర్తిగా తీసేసేదానికి కమిటీ ఒప్పుకోలేదు, పెద్దోళ్లు ఇద్దరు లేచి వెళ్లిపోయినారు. కాని ఇకమీద చెవి చూడకుండా ఏ కుక్కకూ కప్పు లేదు. వినేదాన్నే జత కట్టించాల. మచ్చలవాటికి బుక్కులో వేరే పేజీ పెట్టినాము, దాంట్లో మొదట మీ కుక్కనే ఎక్కించినాము. మచ్చల పిల్లలు నాలుగూ ఎవురికీ మాట ఇయ్యొద్దు. ఒకటి నాకు, చెవి మీద మచ్చ ఉండేదే కావాల. మిగతా మూడుకు మనుషుల్ని నేను పంపిస్తాను. పళ్లెం మాత్రం ఇప్పుడే తిరిగి ఇయ్యలేను మామా, ఇంకా శానా ఇండ్లకు పోవాల."